క్రీట్ దీవిలో ఏదో ఉంది!

ఆస్ట్రేలియాలో మా ట్రుగనీనా పేటలో ఉండే ఆనందరావు గారు అనుమానించనిది ఒక్కటే, తన అనుమానాన్ని. మిగిలిన సృష్టినంతా ముందు కనుబొమ్మలెగరేసి చూసి, "ఇందులో ఏదో ఉంది" అన్న తరవాతే దగ్గరికి రానిస్తారు.

గుళ్ళో ఆయన చెప్పులు విడిచే తీరే వేరు. ఎడమది ఈ చివర, కుడిది ఆ చివర. "జత దొరక్కపోతే ఎవడెత్తుకుపోతాడమ్మా?" అంటారు. దర్శనమయ్యేసరికి రెండోది ఎక్కడ పెట్టారో ఆయనకే గుర్తుండదు. భక్తులమంతా దేవుడికి దణ్ణం పెట్టి ఆ చెప్పు వెతుకుతాం. ఓసారి ప్రసాదం పులిహోర ధారాళంగా వడ్డిస్తే, "ఇంత పెట్టారంటే ఉప్పు తగ్గుంటుంది" అన్నారు. తిన్నారు. అనుమానం తీరలేదని మళ్ళీ వెళ్ళి ఇంకో గరిటె పెట్టించుకున్నారు.

పక్కింటి ఆస్ట్రేలియా ఆయన ఓ రోజు వీళ్ళ చెత్త బిన్ను రోడ్డు మీంచి తెచ్చి లోపల పెట్టాడు. "అడక్కుండా ఎందుకు పెట్టాడు? ఏదో ఉంది!" మరుసటి వారం అతనికా అవకాశమివ్వకుండా ఈయనే ముందు వెళ్ళి ఇద్దరి బిన్నులూ లోపల పెట్టేశారు. అనుమానం వల్ల ఒక వీధికి ఇంత మేలు జరగడం నేనెక్కడా చూడలేదు.

అందరిలోనూ మంచి చూడమని మా ఊరి బళ్ళో మాస్టారు చెప్పేవారు. ఆనందరావు గారిలో అది చూడ్డానికి నాకు కాస్త ఆలస్యమైంది. చూసింది కూడా ఆయన భార్య లీల ఆంటీ వల్లే. నిరుడు మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఆవిడ గుమ్మం దాటడం మానేశారు. డాక్టరు నడవమన్నా నడవరు. గుడికి రమ్మంటే, "నాకెందుకులే ఉదయశ్రీ, ఇక్కణ్ణించే దణ్ణం పెట్టుకుంటా" అంటారు. ఆవిడ ప్రసాదం నేనే పట్టుకెళ్తుంటాను.

అలా ఓ ఆదివారం వెళ్ళేసరికి వాళ్ళమ్మాయి అపూర్వ ట్యాబ్‌లో ఫొటోలు చూపిస్తోంది. మధ్యధరా సముద్రంలో గ్రీసు వాళ్ళ దీవి, క్రీట్.

"మమ్, డాడ్, యూ షుడ్ గో ఇన్ స్ప్రింగ్. ఏప్రిల్ ఈజ్ లవ్లీ దేర్."

లీల ఆంటీ 'నాకెందుకులే' అనబోయారు. ఆనందరావు గారు ముందే అడ్డొచ్చారు.

"ఏప్రిల్లో వసంతమేమిటే? మన పెరట్లో ఆకులు రాలుతుంటేనూ! మోసం ఇక్కడే బయటపడింది."

"వాళ్ళది భూమికి పై సగమండీ. మన ఊళ్ళో ఉగాదికి వసంతం రాదూ? అక్కడా అంతే," అన్నారు ఆంటీ.

"అప్పుడు జనం ఉండరట. ఎందుకుండరు? ఏదో ఉంది."

"సెలవులు కావు కాబట్టి. తోపులాట లేకపోతే నాలాంటిది మెల్లగా నడుచుకుంటుంది."

"కొండల నిండా పూలట. ఎవరూ నాటకుండానే?"

"మన ఊరి గట్ల మీద తంగేడు ఎవరు నాటారు?"

"ఎండా ఎక్కువుండదు, చలీ ఎక్కువుండదట. అంత చక్కగా కుదిరిందంటే..."

"కుదిరితే కుదరనివ్వండి!" ఆంటీ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఈ దేశమొచ్చిన దగ్గర్నుంచీ ఆకులు రాలుతుంటే ఉగాది పచ్చడి తింటున్నా. ఒక్క ఉగాదైనా పూల మధ్య చేసుకోనివ్వరా?"

ఆ ముఖం చూసి నాకు ఆనందరావు గారి మీద కోపమొచ్చింది. తరవాతి వారం గుళ్ళో, ఆయన కుడి చెప్పు వెతికిపెడుతూ అడిగేశాను.

"అంకుల్, ఆంటీ అంత ఆశపడుతున్నారు. మీ అనుమానంతో చెడగొట్టకండి."

ఆయన అటూ ఇటూ చూశారు. "ఎవరూ వినట్లేదుగా?"

"దేవుడు తప్ప."

"ఆయన చెప్పడులే. టికెట్లు ఎప్పుడో కొనేశానమ్మా. అపూర్వకి ఫొటోలు పంపిందీ నేనే. 'పోదాం లీలా' అన్నాననుకో, 'నాకెందుకులే' అంటుంది. 'వద్దు' అన్నానా, పెళ్ళైన నాటి నుంచీ నన్ను గెలవనిచ్చిందెప్పుడు? మొన్న 'ఆ కాలుతో వీధి చివరిదాకా కూడా వెళ్ళలేవు' అన్నాను. అప్పట్నించీ రోజూ పార్కు దాకా నడిచి మరీ చూపిస్తోంది."

చెప్పు ఆయన ముందు పెట్టాను.

"ఆవిడతో చెప్పవుగా?" కనుబొమ్మలు లేచాయి.

"దేవుడి మీద ఒట్టు అంకుల్."

"అడక్కుండానే ఒట్టేశావంటే... ఏదో ఉంది."

ఉగాది సాయంత్రం క్రీట్ నుంచి ఫోన్ మోగింది. వీడియోలో లీల ఆంటీ, తల్లో ఎక్కడో దొరికిన నిమ్మపూలు, చీర కాస్త ఎత్తి పట్టుకుని చీలమండల లోతు సముద్రంలో నవ్వుతూ నిలబడి ఉన్నారు. ఒడ్డు నుంచి కేకలు.

"నీళ్ళింత నీలంగా ఉన్నాయంటే ఏదో కలిపారు! దిగకు లీలా!"

"ఏమీ కలపలేదు! కావాలంటే మీరే వచ్చి చూడండి!" అంటూ ఆంటీ మరో రెండడుగులు ముందుకేశారు.

ఆయన ఫోన్‌ని ఓ రాతికి ఆనించి చెప్పులు విడిచారు. ఎడమది ఈ రాతి పక్కన, కుడిది ఆ రాతి పక్కన. ప్యాంటు మడుచుకుని నీళ్ళలోకి దిగారు.

లీల ఆంటీ చెప్పులు మాత్రం ఏ రాతికీ అప్పగించలేదు. ఆ జత ఆయన చేతిలోనే ఉంది.