‘ఎవరూ రారు’ అన్న గడికి పదికి పది

నాకు మనుషులు ఎక్కువైపోయారు, అదీ అసలు జబ్బు. పొద్దున తొమ్మిదిన్నరకి కాల్. ఆ కాల్‌లో ఏం మాట్లాడుకున్నామో మాట్లాడుకోవడానికి పదకొండింటికి ఇంకో కాల్. మధ్యాహ్నం క్యారేజీ మూత తియ్యబోతే "రెండు నిమిషాలు ఉన్నారా" అని ఎవడో ఒకడు. ఆ రెండు నిమిషాలు నలభై నిమిషాలకి తక్కువ ఏనాడూ లేవు. సాయంత్రం కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్‌కి చేరితే లిఫ్టులో అసోసియేషన్ పెద్దమనిషి, జేబులో వాట్సాప్ గ్రూపు, గ్రూపులో నీళ్ల ట్యాంకర్ గొడవ. ఇంట్లో మా ఆవిడ పడగ్గది తలుపేసుకుని వాళ్ల కంపెనీతో మాట్లాడుతూ ఉంటుంది, నేను హాల్లో మా కంపెనీతో. ఇద్దరం ఎదురుపడేసరికి ఆవిడకి గొంతుండదు, నాకు ఓపికుండదు.

అందుకని నలభై రెండేళ్ల వయసులో అంతరిక్షంలోకి పోదామని తీర్మానించుకున్నాను. కంప్యూటర్లోనే లెండి. ఒక్కడే కూర్చుని ఆడుకునే ఆట. మనదో ఓడ, చుట్టూ చుక్కలు, "ఉన్నారా" అని అడిగేవాడు ఒక్కడూ లేడు. శనివారం మధ్యాహ్నం భోంచేసి ఓ రెండు గంటలు అలా వెళ్లిరావాలి, ఇంతే నా కోరిక. ఇంత చిన్న కోరికకి మామూలు మనిషైతే ఏదో ఒక ఆట కొనుక్కుని ఆడుకుంటాడు. నేను పదమూడేళ్లుగా ఐటీలో పనిచేస్తున్నవాణ్ణి. ఎక్సెల్ షీటు తెరిచాను.

నవ్వకండి, మా వాళ్లెవరైనా అంతే. కోకాపేటలో ఫ్లాటు కొన్నవాడూ షీటు వేశాడు, పెళ్లిచూపులకి వెళ్లొచ్చినవాడూ వేశాడు. దేన్నైనా కళ్లతో చూసి, నచ్చి కొనుక్కునే అలవాటు మాకు పోయింది. వరుసల్లో వస్తువులు, నిలువునా గుణాలు, ఒక్కో గుణానికి పదికి ఇన్ని మార్కులు, చివర్లో మొత్తం, దాని పక్కన "సిఫారసు" అని ఒక గడి. ఇలాంటి షీటుకి ఆఫీసులో ఖాళీ నమూనా ఒకటుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే అదే నమూనాలో ఆఫీసు పని మీద ఇంకో షీటు నింపుతున్నాను. కొత్తది తయారుచేసే బాధ తప్పిందని దాన్నే కాపీ చేసుకున్నాను.

ఆ ఆఫీసు షీటు సంగతి చెప్పాలి. మా ప్రాజెక్టులో ఏ డాక్యుమెంటు బయటికి వెళ్లాలన్నా మూడో అంతస్తులో కూర్చునే ఒక మేడం కళ్లబడాలి. ఆవిడకి యాభై ఆరో యాభై ఏడో ఉంటాయి, ప్రగతి నగర్ నుంచి ఆఫీసు బస్సులో వస్తుంది. పేజీ పేజీకీ పక్కన కామెంట్లు పెడుతుంది. పద్నాలుగో పేజీలో లెక్కకీ ముప్పయ్యో పేజీలో లెక్కకీ పొంతన లేదు, ఈ బొమ్మ కిందటేడాదిది, సరిచూడగలరు. ఆ "సరిచూడగలరు" అన్న మాటని మేము క్యాంటీన్‌లో అనుకరించి నవ్వుకునేవాళ్లం. అందరూ కింద "ఆమోదం" అని కొడితే ఆవిడ ఒక్కతే "చదివాను" అని రాసేది. ఆ కామెంట్లు మేమెవరం చదవం. "సరిచేయబడింది" అని ఒక బటన్ ఉంటుంది, నొక్కితే కామెంటు మూసుకుపోతుంది, వరసబెట్టి నొక్కుకుంటూ పోతాం. ఇప్పుడు డాక్యుమెంట్లని వాటంతటవే చదివేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయిగా, వాటిలో మంచిది ఎంచమని మా మేనేజర్ నాకు అప్పగించాడు. అది రాగానే మేడం సీటు ఎత్తేస్తారు. ఈ సంగతి నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. నిజం చెప్పాలంటే నాకేమీ బాధ అనిపించలేదు. షీట్లో మొదటి వరుస "ఇప్పుడున్న పద్ధతి", అంటే ఆవిడే. పదికి మూడు వేసి కింది వరుసలోకి దిగిపోయాను.

ఆటల షీటు మీద మాత్రం ప్రాణం పెట్టాను. మొదటి ఆటలో ఒక గ్రహంలో సరుకు కొని ఇంకో గ్రహంలో అమ్మాలి. మా బావమరిది బేగంబజార్లో కొని తణుకులో అమ్ముతున్నది అదే, దానికి అంతరిక్షం దేనికి? మూడో ఆటలో ఓడ స్టార్ట్ చెయ్యడానికే నలభై మీటలు నొక్కాలి, ఎలా నొక్కాలో నేర్పే వీడియో మూడు గంటలు. అది ఆట కాదు, ట్రైనింగు. ఐదోదాంట్లో ఓడలో పనివాళ్లని పెట్టుకుని వాళ్ల అలకలు తీర్చాలి. ఒరేయ్ నాయనా, అక్కణ్ణుంచి పారిపోదామనే కదా నేను బయల్దేరింది! రెండోది కొంచెం నయం. కాకపోతే ప్రతి మజిలీలోనూ ఒక ముసలాయన బొమ్మ ఉంటుంది, ఓడ ఆగగానే "వచ్చారా, దారిలో ఇబ్బందేం పడలేదు కదా" అని పలకరిస్తాడు. ఒట్టి బొమ్మే, అయినా మార్కులు కోశాను. నాలుగోది చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. అందులో మజిలీలు లేవు, మనుషులు లేరు, మాటన్నదే లేదు. "ఎవరూ రారు" అని ప్రత్యేకంగా ఒక గడి పెట్టి, దానికి పదికి పది వేశాను. సిఫారసు: నాలుగో వరుస.

అప్పటికి మూడు వారాలైంది.

"ఇంకా కొనలేదా అండీ ఆ ఆట?" అంది మా ఆవిడ.

"రివ్యూ అవ్వాలి."

"ఎవరు చేస్తారు రివ్యూ?"

"నేనే."

"అయితే మీకు మీరే ఒక కాల్ పెట్టుకోండి. నేను బెండకాయలు తరుక్కుంటాను."

ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసు షీటు పూర్తిచేసి కమిటీకి పంపాను. కమిటీ అంటే మా మేనేజర్, ఇంకో ఐదుగురు పెద్దలు. నియమం ప్రకారం మేడంకి కూడా ఒక ప్రతి వెళుతుంది. ఆవిడ సీటు తీసెయ్యమని రాసిన కాగితం ఆవిడే తప్పులు చూసి పంపాలి! ఇదెంత దారుణమో అప్పుడు తట్టలేదు. హాయిగా ఇంటికొచ్చి, పెసరట్టు తిని, మా ఆవిడకి నా ఆటల షీటు గొప్పగా చూపిద్దామని ల్యాప్‌టాప్ తెరిచాను.

"ఇదేం ఆటండీ," అంది ఆవిడ కళ్లజోడు సర్దుకుని, "పేజీ నంబర్లు సరిచూసే సామర్థ్యం, పదికి తొమ్మిది?"

చచ్చాన్రా దేవుడా అనుకున్నాను. ఒకే నమూనా, ఒకే ఫోల్డరు, రెండు ఫైళ్లకీ చివర "ఫైనల్" అన్న పేరు. పంపిన మెయిల్ తెరిచి చూస్తే, కమిటీకి వెళ్లింది రాకెట్ల షీటు. సమర్పించిన ఫైలు తాళం పడిపోతుంది, మార్చలేం. పోనీ మెయిల్ వెనక్కి తీసుకుందామంటే, "ఫలానావారు ఈ మెయిల్ వెనక్కి తీసుకోదలిచారు" అని అందరికీ ఇంకో మెయిల్ పోతుంది. అది చూశాక తెరవనివాడు కూడా తెరుస్తాడు. చేతులు కట్టుకుని కూర్చోవడం తప్ప దారి లేదు. ఆ శనాదివారాలు ఫోన్ మోగితే మా ఆవిడనే తియ్యమనేవాణ్ణి. ఆఫీసు పనివేళల్లో ఆటల షీటు వేసిన మొనగాడికి ఏ కంపెనీ ఉద్యోగమిస్తుంది?

సోమవారం పొద్దున మెయిల్ తెరిచాను. ఆరుగురూ జవాబిచ్చారు. ఒకాయన "చాలా సమగ్రంగా ఉంది" అన్నాడు. ఇంకొకాయన "విశ్లేషణ లోతుగా ఉంది" అన్నాడు. మిగతావాళ్లు వాళ్లతో ఏకీభవించారు. సిఫారసుకి ఆమోదం అట. మా మేనేజర్ నా సీటు దగ్గరికొచ్చి భుజం తట్టాడు.

"మస్తు చేసినవ్ భయ్. ఇగ ముందుకు పోదాం."

"షీటు చూశారా సార్?" అన్నాను.

"గంత పెద్ద షీటు ఎవరు చూస్తరు? నువ్వు చేసినవంటే మంచిగనే ఉంటది. ఫికర్ చెయ్యకు."

బతికిపోయానని కాఫీ తెచ్చుకున్నాను. సగం తాగేసరికి ఒళ్లు మండింది. పదమూడేళ్లు! ఎన్ని షీట్లు వేశాను, ఎన్ని ఆదివారాలు పాడుచేసుకున్నాను, ఏ గడికి ఏ రంగు వెయ్యాలని ఎంత తన్నుకున్నాను! అవతల ఒక్కడైనా తెరిచి చూస్తే కదా. ఒక్కడే ఆడుకునే ఆట కోసం మూడు వారాలు వెతికాను గానీ, ఇన్నేళ్లూ నేను ఆడుతున్నది అదే. ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా చెబుతున్నా.

అప్పుడు తెర మూలన గంట గుర్తు వెలిగింది. ఎనిమిది కామెంట్లు, అన్నీ మేడంవే. వరసబెట్టి మూసెయ్యబోయి, వేలు ఆగింది. చదివాను.

"వరుస 3: వీడియో మూడు గంటలన్నారు, కింద రెండు గంటలన్నారు. ఏది నిజమో సరిచూడగలరు." ఇలాంటివే ఏడు. ఎనిమిదోది ఇది: "వరుస 4: ఎవరూ రారు అన్న గడికి పదికి పది వేశారు. ఎవరూ రారన్నది నిజమే. దానికి పది ఎందుకు వేశారో అర్థం కాలేదు. సరిచూడగలరు." అన్నిటికన్నా కింద "చదివాను" అని ఉంది.

మూడో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లాను. ఆ ఫ్లోరుకి నేను వెళ్లడం అదే మొదటిసారి.

"కూర్చోండి బాబూ," అంది. "నా సీటు గురించిన షీటు వస్తుందని వారం రోజులుగా కాచుక్కూర్చున్నానండీ. తీరా చూస్తే రాకెట్లొచ్చాయి."

"ఎవరికైనా చెప్పారా అండి?"

"చెబితే తెరిచి చూస్తారు. మీ ఉద్యోగం పోదూ?"

ఆవిడే మళ్లీ అంది, "నాలుగోది నేను ఏడాదిపాటు ఆడానండీ."

"మీరా!"

"ఏం, నేనాడకూడదా? మావారు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే. టీవీలో అందరూ అరుచుకుంటున్నారని అది కొనుక్కున్నాను. అందులో ఎవరూ రారు. నిజంగానే రారు బాబూ. రెండోది కొనుక్కోండి. ఆ ముసలాయన మంచాయన, వచ్చారా అని అడుగుతాడు."

కిందికొచ్చి, ఆవిడ పాత కామెంట్లు తెరవడం మొదలుపెట్టాను. ఎందుకో చెప్పలేను, సిగ్గుతో కావచ్చు. నా డాక్యుమెంట్లన్నిట్లోనూ ఉన్నాయి, అన్నీ నేను మూసేసినవే. ఐదేళ్ల కిందటి ఒక ఫైలు దగ్గర ఆగిపోయాను. మా నాన్నగారు కాకినాడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు వరండాలో బల్ల మీద కూర్చుని రాసిన ఫైలు అది. పన్నెండో పేజీ పక్కన ఆవిడ కామెంటు:

"ఈ పేజీలో ఆరు తప్పులున్నాయి. మీరు ఇన్ని తప్పులు రాసే మనిషి కాదు. నాన్నగారికి బాగోలేదని విన్నాను. తప్పులు నేను దిద్దాను. గడువు గురించి పైవాళ్లతో నేను మాట్లాడతాను. మీరు ఆయన దగ్గరే ఉండండి."

దాని కింద నా పేరుతో "సరిచేయబడింది" అని ఉంది.

గడువు నాలుగు రోజులు పెరిగింది అప్పుడు. అది మా మేనేజర్ దయ అనుకుని ఆయనకి డబ్బా నిండా కాకినాడ కాజాలు తెచ్చిచ్చాను. ఆయన కూడా ఏమీ ఎరగనట్టు తిన్నాడు, పాపం నిజంగానే ఎరగడు. ఆ నాలుగు రోజులే నేను నాన్నగారి చెయ్యి పట్టుకుని కూర్చున్నది. ఐదో రోజు ఆయన లేరు.

నాకు జీవితంలో ఒకే ఒక్కసారి ఇలాంటి బుద్ధి పుట్టింది. కమిటీ దేన్ని ఆమోదించింది? సిఫారసుని. ఆ సిఫారసు ఏమిటో ఎవడైనా చూశాడా? లేదు. అసలు షీటు తీసి, మొదటి వరుసలో మూడు కొట్టేసి పది వేసి, సిఫారసు గడిలో "ఇప్పుడున్న పద్ధతినే కొనసాగించాలి" అని రాసి, "చిన్న సవరణలతో తుది ప్రతి" అని అందరికీ పంపాను.

రెండు రోజుల తర్వాత మేనేజర్ కాఫీ మిషన్ దగ్గర కనపడ్డాడు. "ఏంది భయ్, కొత్త సాఫ్ట్‌వేర్ ఎప్పుడొస్తది?"

"ఉన్న పద్ధతే బాగుందని తేలింది సార్. షీట్లో ఉంది. మీరు ఆమోదించారు కూడా."

"షీట్ల ఉంటే అయిపాయె," అని కప్పు తీసుకుని వెళ్లిపోయాడు.

తుది ప్రతి నియమం ప్రకారం మేడంకి కూడా వెళ్లింది. మేనేజర్ అలా వెళ్లిన మధ్యాహ్నమే గంట గుర్తు వెలిగింది. ఒక్కటే కామెంటు: "వరుస 1: పదికి పది ఎక్కువ. ఆధారం జతచేయగలరు."

చేశాను. పన్నెండో పేజీ, పక్కన ఆవిడ కామెంటు, దాని కింద నా పేరు, అన్నీ కనపడేలా ఫొటో తీసి అంటించాను. జవాబు కోసం మూడు రోజులు చూశాను, రాలేదు. శనివారం భోంచేసి రెండో వరుసలోని ఆట కొనుక్కుని, రెండు గంటలు ఎక్కడెక్కడో తిరిగి, ఒక మజిలీలో ఓడ ఆపాను. ముసలాయన బయటికొచ్చి, వచ్చారా, దారిలో ఇబ్బందేం పడలేదు కదా అన్నాడు. లేదండి అని పైకే అన్నాను. మా ఆవిడ ఎవరితోనండీ అని పడగ్గదిలోంచి తొంగిచూసింది.

సోమవారం ఆఫీసుకెళ్లి ఆ కామెంటు తెరిచాను. ఆవిడ దాన్ని మూసెయ్యలేదు. కింద ఎప్పుడూ రాసే మాట ఒక్కటే రాసి ఉంది: "చదివాను."