మేస్త్రి మామ కాలు

ఆ రోజుల్లో నాకు నర్సు ఉద్యోగం కొత్త, ఓపిక తక్కువ. వార్డులో రోగులందర్నీ సంభాళించడం ఒక ఎత్తు, మా కామాటిపుర చాల్‌లోని ఇరుకు గది నుంచి వచ్చి మంచమెక్కిన మేనమామను సంభాళించడం ఒక ఎత్తు. ఆయన్ని గల్లీ అంతా మేస్త్రి అనేది. తొడ మూలలోని రక్తనాళం గుండా సన్న గొట్టం పోనిచ్చి గుండెలో స్టెంట్ వేశారు. సాయంత్రం దాకా కుడికాలు మడవకూడదని, మడిస్తే ఆ చిల్లు మళ్ళీ తెరుచుకుంటుందని డాక్టరు హిందీలో, నేను తెలుగులో, పక్క మంచం ఆయన మరాఠీలో చెప్పాం. మామ మూడు భాషల్లోనూ తలూపాడు.

నా ఖర్మ కొద్దీ గుమ్మం ఆయన కాళ్ళవైపు ఉంది. పెద్దవాళ్ళకెదురుగా కాళ్ళు చాపడం మామ పుట్టి బుద్ధెరిగి చెయ్యలేదు. చూడ్డానికి వదిలే వేళ కాగానే గల్లీ మొత్తం దిగింది. ఫోరస్ రోడ్డులో ఉండే మా పెద్దబాపు గుమ్మంలో కనిపించాడో లేదో, మామ మోకాలు పైకి లేచింది. "మామా, కాలు!" అని అరిచాను. "అరె, పెద్దమనిషొస్తే కాళ్లు సూపిస్తరా పిల్లా? నర్సువైనంక సిగ్గుశరం ఇడిశినవా?" అన్నాడు. నేను దించడం, ఇంకో పెద్దమనిషి రావడం, మామ మడవడం. దుప్పటి కప్పితే దుప్పటితో సహా మడిచాడు. (నా వయసుకు తగని మాటలు కొన్ని నోట్లోనే నమిలి మింగాను.)

అన్నంతా అయింది. తొడ మూలన నిమ్మకాయంత ఉబ్బు లేచి టకటకా కొట్టుకోసాగింది. చిల్లు పూడక రక్తం బయటికొచ్చి బుడగ కట్టిందట. సోనోగ్రఫీలో చూస్తూ గట్టిగా అదిమిపట్టి గడ్డ కట్టించాలి, కుదరకపోతే కోసి కుట్టాలి, పగిలిందా ప్రాణం మీదికొస్తుంది. మంచం దగ్గరికే యంత్రం తెప్పించి డాక్టరు అదుముతుంటే నేను మామ మోకాలు పట్టుకున్నాను. అప్పుడే పరదా తొలగించుకుని మా అవ్వ, మామను కన్నతల్లి, లోపలికొచ్చింది! నా చేతుల కింద మోకాలు కదిలింది. నాకు ఏడుపొచ్చేసింది. "అవ్వా, నీకు దండం పెడత, బయటికి పో! నిన్ను జూసి కాలు ముడుస్తుండు, సస్తడు!"

అవ్వ పోలేదు. మంచం చివర కూర్చుని కొడుకు పాదాలు రెండూ ఒళ్ళో పెట్టుకుంది. "పుట్టకముందే నా కడుపుల తన్నినోడివి గద బిడ్డా. ఇయ్యాల కొత్తగ మర్యాదలేంది? సాపు." మామ కళ్ళు మూసుకుని చాపాడు. ఉబ్బు కొట్టుకోవడం ఆగేదాకా ఆవిడ ఆ పాదాలు వదల్లేదు.

ఇప్పుడు వార్డులో నేనే సీనియర్ని. చూడవచ్చినవాళ్ళందర్నీ తలవైపే నిలబెడతాను, ఎవరేమనుకున్నా సరే. డ్యూటీ దిగి ఇంటికొచ్చి అలా కాళ్ళు చాపుకుంటానో లేదో, చేతికర్రతో మామ గుమ్మంలోకి వస్తాడు. "ఉండు బిడ్డా, పండుకో" అంటాడు. అప్పటికే నా మోకాళ్ళు రెండూ పైకి లేచి ఉంటాయి.