నూనె లేని గోంగూర కోసం మంగళగిరి దాకా

లేహ్‌లోని సైనిక ఆసుపత్రిలో నర్సుగా చేరిన మా చెల్లెలు స్టెల్లా రెండు నెలల్లో సగమైపోయింది. అన్నం సహించడం లేదట, గోంగూర ఉంటే నాలుగు ముద్దలు తింటానంది. సోమవారం అక్కడికి వెళ్తున్న దాని స్నేహితురాలేమో బ్యాగులో అరకిలోకు మించి చోటు లేదంది. మంగళగిరి అవతల పళ్లు, కూరలు గడ్డకట్టించి ఆరబెట్టే యూనిట్ ఉందని, చిన్న మొత్తాలు కూడా చేసిపెడతారని విని శుక్రవారం పొద్దున్నే బయలుదేరాను.

గుణదల నుంచి బస్టాండుకు ఆటో నూట ఇరవై. మంగళగిరి బస్సులో ఆధార్ చూపించాను, ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. అక్కణ్ణుంచి షేర్ ఆటో ఇరవై. ఒళ్లో రెండు కిలోల పచ్చడి డబ్బా, పైన వేలెడు మందాన నువ్వుల నూనె. నా చేతి పచ్చడికి వంక పెట్టినవాళ్లు ఇంతవరకూ పుట్టలేదు. ఆటో డ్రైవరు వాసనకే వెనక్కి తిరిగి, అక్కడ వరుగులు చేస్తారు కదమ్మా అన్నాడు. వరుగులు ఎండకు ఎండుతాయి, ఇవి చలికి ఎండుతాయని పాఠం చెప్పాను.

పదింటికి యూనిట్ చేరాను. మిషను చూసే కోటేశ్వరరావు గారు డబ్బా మూత తీసి, పైన నూనె చూసి పనికిరాదంటూ వెంటనే మూసేశారు.

"నూనె లేకపోతే పచ్చడి నిలవుంటుందా అండీ?" అన్నాను.

"మా మిషను నీళ్లు మాత్రమే తీసుద్దమ్మా. నూనె ఎక్కడికీ పోదు. ఆకుని పట్టుకుని కూర్చుంటది, నాల్రోజులకి కంపు కొడుద్ది."

పుట్టాడు, వంక పెట్టేవాడు! పన్నెండుకి మిషను తలుపు వేస్తే మళ్లీ కొత్త సరుకు పెట్టేది మంగళవారమేనట. అంటే సోమవారానికి అందదు. క్యాంటీన్‌లో వంట చేసే నాగమణి గారు మాత్రం గేటు బయట గోంగూర కట్టలు అమ్ముతున్నారని చెప్పి, పొయ్యి ఖాళీ చేసిచ్చారు. ఆకు, పచ్చిమిర్చి ఉడికించి, ఉప్పు, వెల్లుల్లి వేసి ఇద్దరం నూరాం. నూనె చుక్క లేకుండా పచ్చడి చేయడం నా జన్మలో అదే మొదలు. పన్నెండుకి పది నిమిషాల ముందు ట్రేలు లోపలికి వెళ్లాయి.

ముందు సున్నాకి నలభై డిగ్రీల కింద రాయిలా గడ్డకట్టిస్తారు. తర్వాత పెట్టెలోని గాలి లాగేసి, అరల్ని కొద్దికొద్దిగా వేడి చేస్తారు. మంచు నీరు కాకుండానే ఆవిరైపోయి, వెనకున్న చల్లని గొట్టాల మీద మళ్లీ మంచుగా పేరుకుంటుంది. రంగు మారదు, పులుపు చావదు. శనివారం సాయంత్రం వెళ్తే చేతిలో దూదిలా ఉంది. వేడినీళ్లు పోసి కలిపి నాలుక మీద పెట్టుకున్నాను. గోంగూరే! ట్రేకి ఆరొందలు ఇచ్చి, గాలి తగలకుండా సీలు చేయించుకున్నాను.

గురువారం స్టెల్లా ఫోన్ చేసింది. మంచు నీరు కాకుండా ఎలా ఆవిరవుతుందో గొప్పగా మొదలుపెట్టాను.

"ఇక్కడ తీగ మీద బట్టలు అట్టాగే ఆరతాయక్కా. కర్రల్లా బిగుసుకుపోయి, చుక్క కారకుండా. ఇంక ఫోను పెట్టెయ్యవే, అన్నం చల్లారిపోతంది."

ముప్పై గంటలు ఆడే ఆ పెట్టె దగ్గర నేను నేర్చుకున్నది స్టెల్లా రోజూ దండెం మీద చూస్తోంది. నా పాఠం నా దగ్గరే మిగిలిపోయింది. అయినా నన్ను కసిరి మరీ అన్నానికి వెళ్లిందంటే, ఇంకేం కావాలి నాకు? మీరు వెళ్లాలనుకుంటే తలుపు వేసే సమయం ముందే ఫోన్ చేసి కనుక్కోండి, నూనె సీసా మాత్రం ఇంట్లోనే ఉంచి వెళ్లండి.