చదవని కాగితానికి పదిహేను చేతులు

మా ఊళ్లో పెళ్లి జరిగితే వీడియో తీసేది లుబొమీరాయే. పోలండ్‌లో లుబ్లిన్‌ నగరానికి బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న ఈ ఊళ్లో, ఇరవై ఏళ్లుగా ప్రతి ఇంటి తాగుబోతు గంతులూ ఆమె దగ్గర భద్రంగా ఉన్నాయి. నర్సు లుద్వీకాతో పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో కాపురముంటోంది. సంగతి అందరికీ తెలుసు. అయినా "పాపం, అక్కచెల్లెళ్లలాంటివాళ్లు" అనేవాళ్లం. అంత పిరికివాళ్లం.

కౌన్సిల్ సమావేశాలను రికార్డు చేసేదీ ఆమే. ఆ వసంతంలో ఎవరో అచ్చు వేసి పంపిన తీర్మానం కాగితం ఒకటి వచ్చింది. మా ఊరు ఎల్‌జీబీటీ భావజాలానికి చోటివ్వదట. మా అధ్యక్షుడు సెవెరిన్ నడుము నొప్పికి వారం వారం లుద్వీకా చేతే సూది వేయించుకుంటాడు. ఆ పెద్దమనిషి శీర్షిక మాత్రం చదివి, "సమ్మతమేగా?" అన్నాడు. పదిహేను చేతులు లేచాయి. నేనూ సభ్యుణ్ణే, అందులో ఒకటి నాది. భోజనానికి ఆలస్యమవుతోందన్న బెంగ తప్ప నా బుర్రలో ఇంకేమీ లేదు.

లుబొమీరా, సెవెరిన్ ఒకే బళ్లో చదివారు. కెమెరా వెనకనుంచి ఆమె అడిగింది.

"సెవెరిన్, ఆ నాలుగక్షరాలకీ అర్థమేంటో చెప్పు."

"అందరికీ తెలిసిందేగా."

"తెలిస్తే చెప్పవయ్యా. రికార్డులో ఉంటుంది."

సెవెరిన్ పక్కకు చూశాడు. పక్కనున్న పశువుల డాక్టరు నేలకేసి చూశాడు. చివరికి పందులు పెంచే సభ్యుడొకాయన ధైర్యం చేశాడు.

"ఎల్ అంటే లెనిన్ అనుకుంటా."

మాలో ఎవరూ నవ్వలేదు. నిజమేనేమో అనుకున్నాం మరి.

పదకొండు నిమిషాల ఆ రికార్డింగును లుబొమీరా ఎక్కడా కత్తిరించకుండా, ఆదివారం ప్రార్థన అయ్యాక తన గ్యారేజీలో దుప్పటిని తెరగా కట్టి చూపించింది. ఊరు విరగబడి నవ్వింది. తెరమీద నా మొహం కనబడగానే మా ఆవిడ "ఇదుగో, మా ఇంటి మేధావి!" అని చప్పట్లు కొట్టింది.

నవ్విన ఊరే ఆ వేసవిలో ఏడు పెళ్లిళ్ల వీడియోలూ వేరేవాళ్లకు ఇచ్చేసింది. లుబొమీరా ఎవరినీ బతిమాలలేదు. లుద్వీకా పాత కారులో తెరా కెమెరా వేసుకుని, అలాంటి తీర్మానం చేసిన ఊరికల్లా వెళ్లి ఆ సినిమా చూపించింది. అక్కడ దాక్కుని బతుకుతున్న జంటలను మాట్లాడించి మరో సినిమా తీసింది. రెండు చోట్ల గుడ్లతో కొట్టారు. తుడుచుకుని మూడో ఊరికి వెళ్లింది.

రెండేళ్లకు, ఆ తీర్మానం ఉంటే ఐరోపా సమాఖ్య నిధులు రావని ఉత్తరం వచ్చింది. ఆ డబ్బుతో వేయాల్సిన రోడ్డు ఆగిపోతుందనగానే మా విలువలన్నీ ఆవిరైపోయాయి. సెవెరిన్ రద్దు కాగితం పైకెత్తాడు. అవే చేతులు లేచాయి. దాన్నీ ఎవరూ చదవలేదు.

మర్నాడు సీసాడు తేనె పట్టుకుని లుబొమీరా వాళ్లింటికి వెళ్లాను. క్షమాపణ ముక్కలు దారంతా వల్లించుకున్నాను. లుబొమీరా గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"బాగుంది, అలోయ్జి గారూ. ఇది కూడా ఎవరైనా అచ్చు వేసిచ్చారా?"

నేను తేనె సీసా ముందుకు చాపాను. లోపల్నుంచి లుద్వీకా కేకేసింది.

"తేనె తీసుకోవే. ఆయన్ని పంపించెయ్."

అలాగే చేసింది.