నీళ్లకు అడ్డం నిలబడ్డ ఆదివారాలు

మొన్న మా కూతురు, మనవరాలు కలిసి నన్ను ఒక పెద్ద మాల్‌లో మంచు చూపిస్తామని తీసుకెళ్లారు. వాళ్లిచ్చిన లావు కోటు తొడుక్కుని లోపలికి అడుగుపెట్టి, పిల్లలు జారే తెల్లని వాలు చూశానో లేదో, నా మోకాళ్లు వాటంతట అవే కాస్త వంగాయి. అరవై దాటిన మోకాళ్లకు అదింకా గుర్తుందా అని నాకే నవ్వొచ్చింది.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, హైటెక్ సిటీలో గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచిన రోజులు. చుట్టూ ఇంకా బండలూ సీతాఫలం పొదలే. పుప్పాలగూడ నుంచి మాదాపూర్ వెళ్లి, కడప నుంచి వచ్చిన ఒక ఇంజనీరు పిల్లకు వంట చేసిపెట్టేదాన్ని. రాగిసంగటి చేయడం ఆమే నాకు నేర్పింది, ముద్ద సరిగా రాకపోతే నవ్వేది. అంత నవ్వే పిల్ల ఒకరోజు పళ్లెం ముందు ఊరికే కూర్చుంది.

ఆఫీసువాళ్లు ఆమెను నాలుగు నెలలు ఏదో కొండల దేశానికి పంపుతారట. ముందుగా వెళ్లిన స్నేహితురాలు ఒక రంగుల కార్డు పంపింది. ఆఫీసుకు నడవాలన్నా అక్కడ మంచు వాలు దిగాలట, సెలవొస్తే అందరూ స్కీయింగేనట. చిన్నప్పుడు కొండ మెట్ల మీద పడి కాలు విరిగినప్పటి నుంచి ఈ పిల్లకు పల్లమంటే చచ్చేంత భయం. తను అద్దెకున్న మేడ మెట్లు కూడా గోడ పట్టుకునే దిగేది. రెండేళ్లుగా ఎదురుచూసిన అవకాశం, వద్దని చెప్పేయాలనుకుంటోంది.

కార్డు చేతిలోకి తీసుకుని చూశాను. తెల్లటి వాలు, కింద నీలంగా చెరువు, రెండు కాళ్లకు రెండు పొడుగు పలకలు కట్టుకుని కొందరు, ఒకే వెడల్పు పలక మీద పక్కకు తిరిగి నిలబడి కొందరు జారుతున్నారు. ఇది మా కంకర మిషను వెనకాల గుట్టే కదా అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను మరి. మా నాన్న పనిచేసే క్వారీ దగ్గర రాతిపొడి రెండు మేడలంత ఎత్తు పోసి ఉండేది, ఎండలో పిండిలా మెరిసేది, దాని కింద గుంతలో వాననీళ్లు. సెంట్రింగ్ చెక్క మీద నిలబడి దాని మీంచి జారుతూ పెరిగినదాన్ని నేను.

మిషను ఆగే ఆదివారం పొద్దున ఆమెను అక్కడికి తీసుకెళ్లి, పాత చీర అంచుతో కాళ్లకు రెండు చెక్కలు కట్టాను. పట్నం పిల్లను పిండిలో పొర్లిస్తున్నావేంది బిడ్డా అని మా నాన్న వేళాకోళం చేశాడు. మొదటి ఆదివారం ఆమె కదలనే లేదు. రెండో ఆదివారం ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. మూడో ఆదివారం పైనుంచి సన్నగా అంది:

"అక్కా, నీళ్లలోకి పోతానేమో. భయమైతాంది."

"నీళ్లకు అడ్డం నేనున్న. నీ కాళ్లు చూడకు బిడ్డా, నన్ను చూడు."

చేతులు చాచి గుంత అంచున నిలబడ్డాను. లేత ఎండలో తెల్లటి దుమ్ము లేపుకుంటూ, మోకాళ్లు వంచి, కళ్లు నా మీదే పెట్టి దిగివచ్చి గుండెలకు గుద్దుకుంది. ఇద్దరం కూలబడ్డాం. నీళ్లు జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె కనురెప్పలు కూడా తెల్లగా ఉన్నాయి.

ఆమె వెళ్లింది. రెండు నెలలకు ఒక ఫోటో, ఉత్తరం వచ్చాయి. మా కూతురు చదివి వినిపించింది: "ఈడ చెరువు గడ్డకట్టిందక్కా, అడ్డం ఎవరూ లేరు. నువ్వు నిలబడినావనుకొని దిగినా."

తిరిగొచ్చాక ఆమె బాచుపల్లికి ఇల్లు మారింది, తర్వాత ఫోన్ నంబర్లూ మారిపోయాయి. ఫోటో మాత్రం నా పెట్టెలో ఉంది.

ఆ గుట్ట ఇప్పుడు లేదు. గుంత పూడ్చి ఆకాశమంత అపార్టుమెంట్లు కట్టారు. మొన్న మాల్‌లో మనవరాలు వాలు పైకెక్కి బెదిరిపోతే, నేను గబగబా కిందికి వెళ్లి చేతులు చాచాను. అక్కడ పనిచేసే అమ్మాయి మర్యాదగానే, కింద మెత్తటి పరుపు ఉంది, జర పక్కకు జరగమంది. జరిగాను. పిల్ల జారివచ్చి పరుపుకు తగిలి నవ్వుతూ లేచింది. దెబ్బ తగలలేదు, సంతోషమే. నా చేతులు మాత్రం ఇంకా కాసేపు అలాగే చాచి ఉన్నాయి.