తువ్వాల తీసిన ధనరాజు

గ్రహణం పట్టినప్పుడు కడుపుతో ఉన్నది కత్తిపీట ముట్టుకోకూడదంటారు. ధనరాజు తల్లి తాతమ్మ ముట్టుకున్నాదట, సేప కోసినాదట, అందుకే ఆడు పైపెదివి సీలిపోయి పుట్టినాడట. పేటంతా అదే మాట. అదే నిజమైతే సేపలు కోసుకుని బతికే పేటలో సగంమందికి మూతులే ఉండకూడదు, కాదేటి?

ఏదైతేనేటి, ధనరాజు మూతికి తువ్వాల అడ్డమెట్టుకునే బతికినాడు. ఆ తువ్వాల్తోనే కూర్మమ్మని పెళ్ళాడినాడు. ఆ తువ్వాల్తోనే నాగావళి సముద్రంలో కలిసే మొగ దాటి వేటకెళ్ళీవోడు. ఫొటో అంటే సాలు, మొకం తిప్పీసీవోడు.

కూతురు అనిత ఇసాపట్నంలో ఆపరేషన్ గదిలో నర్సు. ఎవులో వాడి ఒగ్గేసిన కెమెరా ఒకటి కొనుక్కున్నాది. సెలవుకొస్తే ఒడ్డున నిల్చుని సముద్రాన్ని ఫొటోలు తీసీది.

"సముద్రమేటి, పెళ్ళికూతురా? అన్నేసి ఫొటోలు ఏటికే?" అనీది కూర్మమ్మ.

"అందులో అయ్య ఉన్నాడమ్మా, సూడు."

సూస్తే నువ్వుగింజంత పడవ. మనిషి కంటికి ఆనడు. తండ్రి తియ్యనిచ్చిన ఫొటో అదే మరి.

రెండువేల పదహారులో ఆ ఆస్పత్రి డాక్టర్లు కొందరు టాంజానియా బయల్దేరినారు. ఆఫ్రికాలో, సముద్రం ఒడ్డు దేశమట. మొర్రితో పుట్టిన పిల్లలకి పైసా తీసుకోకుండా పెదాలు కుట్టడానికి, పదిహేన్రోజులు. నానూ వస్తానన్నాది అనిత.

ఎల్లే ముందు ఇంటికొచ్చి తండ్రి పక్కన కూకున్నాది. "పరాయి పిల్లలకి కుట్టించి నీకు కుట్టించకుంటే నాకు సిగ్గు కాదేటయ్యా? నానొచ్చాక ఆస్పత్రికి రా. మా పెద్ద డాక్టరు కుడతానన్నారు."

"యాబై ఏళ్ళొచ్చినాక నాకు సోకేటే? సేపలేటి, నా మూతి సూసి వల్లో పడతన్నాయా?"

"అక్కడ కుట్టకముందొక ఫొటో, కుట్టినాకొక ఫొటో తీస్తారు. నీకూ అలగే తీస్తానయ్యా."

ధనరాజు అల్లతన్న వల పక్కనెట్టినాడు, మూతిమీద తువ్వాల లాగీసినాడు.

"సరే, వస్తాను. ముందుది ఇప్పుడే తీసీ. అక్కడ ఆ పిల్లల తల్లులు ఏడుస్తుంటారు గావాల, ఆళ్ళకి సూపించు. ఇలాటి మూతితోనే పెళ్ళైనాది, కూతురున్నాదని సెప్పు."

"నాలాటి పిచ్చిది దొరకబట్టి అయినాది. అదీ సెప్పు," అన్నాది కూర్మమ్మ గుమ్మంలోంచి.

ధనరాజు నవ్వీసినాడు. ఆ నవ్వుకి సీలిక ఇంకా ఎడంగా అయిపోయి పన్నొకటి బయటికొచ్చినాది. అప్పుడే నొక్కినాది అనిత.

టాంజానియాలో ఒక తల్లి బిడ్డ మొకానికి గుడ్డ కప్పీసి ఎవులికీ సూపించదు. అనితకి ఆళ్ళ మాట రాదు. కెమెరాలో తండ్రిని సూపించి, తన గుండె మీద సెయ్యేసుకున్నాది. ఆ తల్లి ఫొటోనీ అనితనీ మార్చి మార్చి సూసి, గుడ్డ తనే తీసీసినాది.

ఈ ముచ్చట అయ్యకి సెప్పాలని ఆ సాయంత్రమే ఫోను సేసినాది అనిత. ధనరాజు ఇంట్లో ఒగ్గెళ్ళిన ఫోను మోగినాది గాని, ఎత్తినోడు ధనరాజుతో ఒకే పడవలో వేటకెళ్ళీ గంగులు.

"మొగలో పడవ తిరగబడిపోనాదమ్మా. ముగ్గురం ఈదుకొచ్చీసినాం. మీ అయ్య రానేదు."

అనిత వచ్చీసరికి ఆరో రోజు. సముద్రం మనిషినీ ఇయ్యనేదు, తువ్వాలా ఇయ్యనేదు. సముద్రంలో పోలీసోళ్ళు అడుగుతారని ఫొటో ఉన్న ఆధార్ కార్డు కూడా నడుంకి కట్టుకుని ఎల్లిపోనాడు. పెద్దకర్మకి మిగిలినది ఆ ఒక్క ఫొటోయే.

కుట్టిస్తానని మాటిచ్చినాది కదా, ఆ మాట అనితని తినేస్తన్నాది. సికాకుళంలో స్టూడియో హరిబాబు కాడికెల్లి, కంప్యూటర్లో ఆ సీలిక అతికించీమన్నాది. బతికుండగా అవనిది ఇలగైనా అవనీ అని. ఆడు పెదివి నున్నగా అతికించీసి, పన్ను లోపలికి తోసీసి, పటం కట్టి ఇచ్చినాడు.

పెద్దకర్మ నాడు పటం మీద కాయితం ఇప్పినారు. ఏడుస్తన్న కూర్మమ్మ దగ్గిరకొచ్చి సూసి, టక్కున ఏడుపాపీసినాది.

"ఎవుడే ఈ మగోడు?"

"అయ్యేనమ్మా. మూతి బాగుసేయించినాను."

"బాగుసేయించినావా? ముప్పై ఏళ్ళు ఆ మూతికి కూడెట్టినాను. ఆ సందులోంచి గంజి కారితే నా కొంగుతో తుడిసినాను. పరాయోడిని తెచ్చి, ఈడి ఎదర ఏడవమంటావేటే?"

"పోన్లే వదినా, ఆడగుంట ఏదో..." అన్నాడు గంగులు.

"నువ్వూరుకోరా!"

"కుట్టిస్తానన్నానమ్మా," అన్నాది అనిత. "తరవాతది తీస్తానన్నాను."

కూర్మమ్మ కూతురి తల మీద సెయ్యేసినాది. "తరవాతది నేదే, గుంటా. ముందుదే ఉన్నాది. అదే తే."

అనిత ఆటోలో సికాకుళం ఎల్లి అసలుది పటం కట్టించి తెచ్చీసరికి పొద్దు వాలిపోనాది. వంటలు సల్లారిపోనాయి. అయినా ఎవులూ విస్తరేసుకోనేదు.

పటం నిలబెట్టి దండేసినారు. బంతిపూల దండ పెద్దదైపోయి, సరిగ్గా మూతికి అడ్డమొచ్చినాది. కూర్మమ్మ ఏలితో దాన్ని పక్కకి జరిపీసినాది.

"ఇన్నాళ్ళూ కప్పుకున్నాడు, సాలు," అన్నాది. అప్పుడు కూకుని ఏడవడం మొదలెట్టినాది.