పొగమంచులో సముద్రం, నా చెప్పులు

ఈ పొద్దున పొగమంచులో సముద్రాన్ని ఫోటోలు తీద్దామని నరసరావుపేట నుంచి సూర్యలంక వెళ్లాను. పొలంలో దిగేటప్పుడు గట్టు మీద విడిచినట్టే ఇసుకలో చెప్పులు విడిచి, అదే గుర్తనుకుని నీళ్ల దాకా నడిచాను. గంట తర్వాత వెనక్కొస్తే చెప్పులు లేవు. చుట్టూ తెలుపే. అలల చప్పుడు అన్ని వైపులా వినిపిస్తోంది. ఒడ్డు ఇటే అనుకుని నడిస్తే నీళ్లు మోకాళ్లు దాటాయి. భయంతో కేక పెట్టాను.

"అటు పోమాకండి! నా గొంతు వినపడే వైపు రండి!" అని వెనక నుంచి ఒక జాలరి అరిచాడు. అతను పిలుస్తూనే ఉన్నాడు, నేను ఆ గొంతు వైపే నడిచి బయటపడ్డాను. చెప్పుల సంగతి చెబితే, "పోటు మీదున్న సముద్రమండీ, పెట్టినచోట ఏదీ ఉంచదు" అన్నాడు.

నేను తీసిన చివరి ఫోటో ఇదే. కుడి మూల పెద్దది చేసి చూడండి. నాకంటే ముందే లోపలికి పోతున్నవి నా చెప్పులే కదా?